గోధుమల ఓడలు - పుస్తకాల పెట్టెలు

‘ఆర్థిక భద్రత’ అనే మాట ఇటీవల ప్రభుత్వ పత్రాలలోనూ, పత్రికల సంపాదకీయాలలోనూ తరచుగా కనిపిస్తున్నది. అగ్రరాజ్యాల మధ్య పోటీ ముదిరిన కాలంలో ఏ సరుకు కోసం ఎవరి మీద ఆధారపడవచ్చు, ఏ సరుకును మన గడ్డ మీదనే పండించుకోవాలి, తయారు చేసుకోవాలి అన్న చర్చకు పెట్టుకున్న పేరు అది. ఆ చర్చ చేస్తున్నవారు ఆర్థికవేత్తలు, దౌత్యాధికారులు, పారిశ్రామికవేత్తలు. సాహిత్య విద్యార్థులకు ఇందులో పనేమిటని ఎవరైనా అడగవచ్చు. పని ఉన్నదనే నా అభిప్రాయం. స్వతంత్ర భారతదేశం ఈ సమస్యను మొదటిసారి ఎదుర్కొన్నది తిండిగింజల విషయంలో. ఆ తిండిగింజల చరిత్రలో తెలుగు పుస్తకానికి కూడా ఒక పాత్ర ఉన్నది. మన సాహిత్య చరిత్రలు ఆ పాత్రను దాదాపుగా పట్టించుకోలేదు.

కథ 1951లో మొదలవుతుంది. స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్ళు. తిండిగింజల కొరత తీవ్రంగా ఉన్నది. మన ప్రభుత్వం అమెరికాను 20 లక్షల టన్నుల ధాన్యం అడిగింది. అమెరికన్ కాంగ్రెసు నెలల తరబడి చర్చించింది. కొరియా యుద్ధం విషయంలో నెహ్రూ ప్రభుత్వం తమ వెంట నడవలేదన్న కోపం ఆ సభలో చాలామందికి ఉన్నది. కేరళ తీరపు ఇసుకలోని మోనజైటు వంటి ఖనిజాలను బదులుగా ఇవ్వాలన్న వాదన కూడా అక్కడ లేచింది. మోనజైటులో అణుశక్తికి పనికివచ్చే థోరియం ఉంటుంది. ఈనాడు అన్ని దేశాలూ వెతుకుతున్న అరుదైన మృత్తిక లోహాలూ దానిలోనే ఉంటాయి. మన శ్రీకాకుళం, విశాఖ తీరాల ఇసుకలోనూ ఆ ఖనిజం ఉన్నది. చివరకు ఆ ఏడాది జూన్‌లో 19 కోట్ల డాలర్ల అప్పు రూపంలో గోధుమలు వచ్చాయి. ఆ అప్పు మీద వచ్చే వడ్డీలో 50 లక్షల డాలర్లను అమెరికన్ పుస్తకాలకు, ప్రయోగశాల పరికరాలకు, పండితుల రాకపోకలకు కేటాయించారు. గోధుమకూ పుస్తకానికీ బంధుత్వం అప్పుడే కుదిరిందన్నమాట.

ఆ తరువాత వచ్చినదే పి.ఎల్. 480. మన పాత తరంవారికి ఈ మాట కొత్త కాదు. 1954 జూలై 10న అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ సంతకం చేసిన 480వ నంబరు చట్టం ఇది. కొరియా యుద్ధం ముగిసేసరికి అమెరికన్ గోదాములలో గోధుమలు పేరుకుపోయాయి. రైతుకు హామీ ధర ఇవ్వక తప్పదు, ఇచ్చి కొన్న ధాన్యాన్ని దాచేందుకు చోటు లేదు. డాలర్లు లేని దేశాలకు, ఆయా దేశాల సొంత నాణెంలోనే ఆ ధాన్యాన్ని అమ్మేందుకు ఈ చట్టం దారి చూపింది. ఒక్క ఏర్పాటుతో వారి మిగులు కరిగింది, మార్కెట్టు పెరిగింది, సోవియట్ యూనియన్‌తో పోటీలో కొత్తగా స్వతంత్రమైన దేశాల మీద పలుకుబడీ దక్కింది. 1961 తరువాత కెన్నెడీ ప్రభుత్వం దీనికి ‘శాంతి కోసం ఆహారం’ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చింది.

మన దేశంతో మొదటి ఒప్పందం 1956 ఆగస్టులో జరిగింది. 1960 మే నెలలో ఆహార మంత్రి ఎస్.కె. పాటిల్ వాషింగ్టన్ వెళ్ళి, నాలుగేళ్ళలో కోటీ అరవై లక్షల టన్నుల గోధుమలు, పది లక్షల టన్నుల బియ్యం తెచ్చుకునే ఒప్పందం మీద సంతకం పెట్టి వచ్చారు. ఇది ధర్మం కాదు, అమ్మకం. మనం రూపాయలలో చెల్లించాం. ఆ రూపాయలు మన దేశంలోనే అమెరికా పేర జమ అయ్యాయి. వాటిలో పెద్ద భాగాన్ని మళ్ళీ మన ప్రభుత్వానికే అప్పుగానూ, గ్రాంటుగానూ ఇచ్చారు. కొంత భాగాన్ని తమ అవసరాలకు అట్టే పెట్టుకున్నారు. తమ అవసరాలంటే రాయబార కార్యాలయం ఖర్చులు, పరిశోధక వేతనాలు వగైరా. ఈ వగైరాలో ఏమున్నదో తరువాత చెబుతాను.

చౌకగా దొరికిన ఈ గోధుమకు అసలు ధర ఎంత? విదేశీ ధాన్యం అగ్గువకు దొరికితే దేశీయ రైతుకు ధర తగ్గి, పండించాలన్న పట్టుదల సన్నగిల్లుతుందని అమెరికన్ ఆర్థికవేత్త థియోడర్ షుల్జ్ 1960లోనే హెచ్చరించాడు. ఆ నష్టం ఎంత అన్న విషయంలో ఆర్థికవేత్తలకు ఏకాభిప్రాయం లేదు. రాజకీయమైన నష్టం గురించి మాత్రం సందేహం అక్కరలేదు. ఓడరేవుకు ధాన్యం వస్తున్నంతకాలం పాలకవర్గాలకు భూసంస్కరణ అనే చేదుమందు మింగవలసిన అగత్యం కనబడలేదు. పెద్ద భూస్వామి గాదె జోలికి పోకుండానే పట్టణాలలో చౌకధరల దుకాణాలు నడిచాయి. తరిమెల నాగిరెడ్డి కోర్టులో ఇచ్చిన వాఙ్మూలం నుంచి రూపుదిద్దుకున్న ‘తాకట్టులో భారతదేశం’ గ్రంథం పేరులోని తాకట్టు అన్న మాట ఆ కాలపు రైతుకు వెంటనే అర్థమయ్యే మాట. పొలం మీద కాగితం రాసిచ్చినవాడు ఆ పొలంలోనే దున్నుతూ ఉంటాడు. గడువు వచ్చిన రోజున గాని హక్కు ఎవరిదో తెలియదు.

1965లో గడువు వచ్చింది. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. 1964-65లో సుమారు 8 కోట్ల 90 లక్షల టన్నులు పండిన తిండిగింజలు మరుసటి ఏడు 7 కోట్ల 20 లక్షల టన్నులకు పడిపోయాయి. సరిగ్గా అప్పుడే పాత ఒప్పందం ముగిసింది. అధ్యక్షుడు జాన్సన్ మళ్ళీ దీర్ఘకాలపు ఒప్పందానికి ఒప్పుకోలేదు. నెలా రెండు నెలలకు సరిపడా మాత్రమే ధాన్యం విడుదల చేసే పద్ధతి పెట్టాడు. సెప్టెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి వారానికి ఒక పూట భోజనం మానమని ప్రజలకు పిలుపునిచ్చారు. జవానునూ కిసానునూ ఒకే నినాదంలో చేర్చారు. నవంబరులో ఆహార మంత్రి సి. సుబ్రహ్మణ్యం, అమెరికన్ వ్యవసాయ మంత్రి ఫ్రీమన్ రోమ్ నగరంలో ఒక అంగీకారానికి వచ్చారు. వ్యవసాయ విధానాన్ని ఎలా మార్చుకుంటామో మనం అక్కడ మాట ఇచ్చి వచ్చాం.

1966లో రెండవసారి కరువు. ఆ ఒక్క ఏడాదే కోటి టన్నులకు పైగా ధాన్యం దిగుమతి అయింది. ఓడ నుంచి నేరుగా నోటికి అనే మాట పుట్టింది అప్పుడే. ఆ జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు. డాలరు 4 రూపాయల 76 పైసల నుంచి 7 రూపాయల 50 పైసలకు వెళ్ళింది. మన సరుకులు విదేశీ మార్కెట్టులో పోటీకి నిలబడాలంటే ఇది తప్పదని ప్రపంచ బ్యాంకు పెద్దలు చెప్పారు. ఇక్కడొక వైరుధ్యాన్ని గమనించాలి. కరువులో ఉన్న దేశానికి ఎగుమతి చేసేందుకు సరుకేది? పోటీ సామర్థ్యం అన్న మాట కాగితం మీద బాగానే ఉన్నది. చేను ఎండినవాడికి, నూలు దొరకని నేతగాడికి ఆ పోటీలో చోటు లేదు. విలువ తగ్గిస్తే వస్తుందన్న విదేశీ సాయం కూడా ఆశించినంతగా రాలేదు.

జూలైలో ప్రధాని ఇందిరా గాంధీ మాస్కో వెళ్ళారు. అక్కడి సంయుక్త ప్రకటనలో వియత్నాం యుద్ధాన్ని గురించిన మాటలు వాషింగ్టన్‌కు రుచించలేదు. ఆ తరువాతి నెలల్లో గోధుమల మంజూరు ఇంకా ఆలస్యమయింది. ఓడలు బయలుదేరే తేదీలను అధ్యక్షుడే స్వయంగా పరిశీలించేవాడని అమెరికన్ రికార్డులే చెబుతున్నాయి. ఒక దేశం విదేశాంగ విధానంలో ఎంత గొంతు పెంచవచ్చునో మరొక దేశపు ఓడరేవు నిర్ణయించింది. ఆర్థిక భద్రత అనే మాటకు ఇంతకంటె స్పష్టమైన నిర్వచనం నాకు తెలియదు.

మన పరిస్థితి ఇంకా నయం. 1974లో బంగ్లాదేశ్ క్యూబాకు సుమారు 40 లక్షల గోనెసంచులు అమ్మింది. క్యూబాతో వర్తకం చేసే దేశానికి చౌక ధాన్యం ఇవ్వరాదన్నది అమెరికన్ చట్టం. ఆ సంచుల ఎగుమతిని ఆపేదాకా ధాన్యం కదలలేదు. అది వచ్చేసరికి కరువు ఆ దేశంలో చేయవలసిన హాని చేసింది. జనపనార నేసినవాడికీ, ఆకలితో చచ్చినవాడికీ క్యూబా ఎక్కడున్నదో తెలిసి ఉండదు.

మన దేశం ఈ ఊబిలోంచి బయటపడింది. ఆ సంగతిని తక్కువ చేసి చెప్పకూడదు. 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల పొట్టి గోధుమ విత్తనాలు తెప్పించారు. ఫిలిప్పీన్స్ వరి పరిశోధన సంస్థ విడుదల చేసిన ఐ.ఆర్. 8 వంగడాన్ని 1967లో పశ్చిమగోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు పెద్దయెత్తున పండించి చూపారు. విశాఖపట్నంలో రెండు అమెరికన్ కంపెనీలు, మద్రాసు ప్యారీ కంపెనీ కలిసి కట్టిన కోరమాండల్ ఎరువుల కర్మాగారం కూడా అదే ఏడు పని మొదలుపెట్టింది. ఎరువుల రంగంలోకి విదేశీ పెట్టుబడిని రానివ్వాలన్నది ఆనాటి ఒత్తిళ్ళలో ఒకటి. 1971 చివరికి రాయితీ గోధుమ ఇక అక్కరలేదని చెప్పగల స్థితికి వచ్చాం. 1974 ఫిబ్రవరిలో అమెరికన్ రాయబారి మోయినిహాన్ తమ ఖాతాలోని రూపాయలలో 1,664 కోట్లకు చెక్కు రాసి మన ప్రభుత్వానికి ఇచ్చాడు. అంత పెద్ద చెక్కు అంతవరకు ప్రపంచంలో ఎవరూ రాయలేదని చెప్పుకున్నారు.

దేశం నిలదొక్కుకున్నది సరే, దేశంలో ఎవరు? కొత్త విత్తనానికి నీరు కావాలి, ఎరువు కావాలి, పెట్టుబడి కావాలి. అవి ఉన్న పంజాబు, గోదావరి, కృష్ణా డెల్టాలు ముందుకు పోయాయి. తెలంగాణ, రాయలసీమల మెట్ట పొలాలలో జొన్న, సజ్జ, కొర్ర పండించే రైతు పక్కకు జరిగిపోయాడు. ఆ గింజలను ప్రభుత్వం కొనలేదు, చౌకధరల దుకాణంలో అమ్మలేదు. కొన్నాళ్ళకు ఆ రైతే తన పొలంలో పండని బియ్యం కోసం దుకాణం ముందు నిలబడ్డాడు. పరాధీనత కూడా పూర్తిగా పోలేదు, రూపం మార్చుకున్నది. ధాన్యానికి బదులు పొటాషు, ఫాస్ఫేటు, చమురు ఓడల్లో వస్తున్నాయి. పొటాషు దాదాపుగా అంతా దిగుమతే.

1983లో మన రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చినప్పుడు అది ఖజానాకు నష్టమని ఎగతాళి చేసినవారున్నారు. ధాన్యపు భద్రతను గోదాములో కాక కంచంలో కొలిచిన ప్రయత్నంగా దాన్ని చూడాలంటాను. 2002లో కేంద్ర గోదాములలో 6 కోట్ల టన్నులకు పైగా ధాన్యం నిలవ ఉన్నది. అంతకు ముందు ఏడాదే, ఇంత ధాన్యం ఉండగా ఆకలి ఎందుకని పౌరహక్కుల సంఘం సుప్రీంకోర్టు గడప ఎక్కవలసి వచ్చింది. బడిపిల్లలకు వండిన భోజనం పెట్టాలని కోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. నేను పనిచేసే ఉన్నత పాఠశాలలో మధ్యాహ్నం గంట కొట్టగానే పళ్ళెం తీసుకుని పరుగెత్తే పిల్లల భోజనం వెనుక ఈ చరిత్ర అంతా ఉన్నది. వాళ్ళ తాతల తరం కూడా బడిలో తిన్నది. కేర్ వంటి సంస్థల ద్వారా వచ్చిన పాలపొడి, గోధుమ రవ్వ ఉప్మా. అది ఓడ దిగివచ్చిన దయ, ఇది కోర్టు గుర్తించిన హక్కు. ఈ రెంటికీ నడుమ ఉన్న దూరాన్ని చెప్పే తెలుగు కథలు ఇంకా ఎన్నో రావలసి ఉన్నాయి.

ఇక పుస్తకాల సంగతి. 1958లో పి.ఎల్. 480 చట్టానికి ఒక సవరణ వచ్చింది. గోధుమలు అమ్మగా పోగుపడిన స్థానిక నాణెంతో ఆయా దేశాలలో అచ్చయ్యే పుస్తకాలు కొనేందుకు అమెరికన్ జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసుకు అధికారం దక్కింది. 1962 నాటికి ఢిల్లీలో దాని కార్యాలయం పని మొదలుపెట్టింది. నవలలు, కవితా సంపుటాలు, విమర్శ గ్రంథాలు, పత్రికలు - భారతీయ భాషలన్నింటిలో వస్తున్నవాటిని కొని, పెట్టెలకెత్తి, షికాగో, బర్క్లీ, విస్కాన్సిన్ వంటి విశ్వవిద్యాలయాలకు పంపారు. తెలుగు పుస్తకాలు కూడా అలాగే ఓడ ఎక్కాయి. గోధుమలు ఇటు వచ్చాయి, గోధుమలకు మనవాళ్ళు చెల్లించిన రూపాయలతో పుస్తకాలు అటు వెళ్ళాయి. కొనే పద్ధతి విస్తారమైనది గనుక పి.ఎల్. 480ను దుయ్యబట్టిన రచనలకు కూడా ఆ పెట్టెలలో చోటు దొరకకుండా ఉండదు. భారతదేశాన్ని పరిశోధించే అమెరికన్ పండితుల వేతనాలకూ ఈ రూపాయలే ఆధారమయ్యాయి. వెల్చేరు నారాయణరావు 1971లో విస్కాన్సిన్‌లో తెలుగు బోధనకు చేరేనాటికి అక్కడి గ్రంథాలయాలకు ఈ పెట్టెలు ఏళ్ళ తరబడి చేరుతూ ఉన్నాయి.

ఇది దోపిడీయా? నేను అలా అనను. డబ్బిచ్చి కొన్నారు, భద్రపరిచారు. శత్రువునూ మిత్రుణ్ణీ తెలుసుకోవడం అగ్రరాజ్యానికి అవసరం, ఆ అవసరం కోసమే చేశారు. ఆ అవసరంలోంచి మంచి పాండిత్యం కూడా పుట్టింది. బాధపడవలసిన విషయం మన వైపున ఉన్నది. ఎం.ఏ. చదివే రోజుల్లో 1960ల నాటి ఒక మాసపత్రిక సంచికల కోసం రెండు జిల్లాల గ్రంథాలయాలు తిరిగాను. ఒకచోట చెదలు తినగా మిగిలిన అట్టలు చూపించారు. మరొకచోట పాత కాగితాల కింద అమ్మేశామన్నారు. పూర్తి సంపుటాలు సముద్రాల అవతల ఒక విశ్వవిద్యాలయంలో ఉన్నాయని ఒక మిత్రుడు జాబితా చూసి చెప్పాడు. ధాన్యం విషయంలో స్వావలంబన సాధించిన జాతి తన జ్ఞాపకం విషయంలో మాత్రం ఇంకా దిగుమతి మీదనే బతుకుతున్నది.

పోటీలో రెండవ అగ్రరాజ్యం చేసిన పని కూడా చెప్పుకోవాలి. అమెరికా మన పుస్తకాలను తన దేశానికి చేర్చుకుంటే, సోవియట్ యూనియన్ తన పుస్తకాలను తెలుగులో అచ్చువేసి మనకు పంపింది. మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయం, తరువాత రాదుగ ప్రచురణాలయం తెచ్చిన టాల్‌స్టాయ్, గోర్కీ, చెహోవ్ విశాలాంధ్ర దుకాణాలలో చౌకగా దొరికేవి. ఉప్పల లక్ష్మణరావు, రాళ్ళబండి వెంకటేశ్వరరావు వంటివారు మాస్కోలో ఉండి అనువాదాలు చేశారు. గట్టి అట్ట, మంచి కాగితం, రంగుల బొమ్మలు. ఒక తరం పిల్లలు వాటితోనే చదవడం నేర్చుకున్నారు. 1973లో మన దిగుబడి మళ్ళీ తగ్గినప్పుడు 20 లక్షల టన్నుల గోధుమలు అప్పుగా ఇచ్చింది కూడా ఆ దేశమే. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, పుస్తకాలూ ఆగిపోయాయి. అభ్యుదయ సాహిత్యాన్ని అభిమానించే మనం ఇక్కడ కొంచెం నిష్కర్షగా ఆలోచించుకోవాలి. మనకు ఇష్టమైన దిక్కు నుంచి వచ్చినంత మాత్రాన దిగుమతి దిగుమతి కాకపోదు. అంత చౌకగా పుస్తకాలు వేయగల సొంత ప్రచురణ వ్యవస్థను ఆ ముప్ఫై ఏళ్ళలో మనం నిర్మించుకున్నామా? చౌక గోధుమ భూసంస్కరణను వాయిదా వేయించినట్టే, చౌక పుస్తకం మన చేత ఆ పనిని వాయిదా వేయించింది.

ప్రజల జ్ఞాపకం ఈ చరిత్రను తనదైన పద్ధతిలో దాచుకున్నది. పొలాల గట్ల మీద తెల్లపూల కలుపుమొక్క ఒకటి విపరీతంగా పెరుగుతుంది. ముట్టుకుంటే దురద, గాలి పీలిస్తే ఆయాసం. మనవాళ్ళు దాన్ని వయ్యారిభామ అన్నారు, కాంగ్రెసు గడ్డి అనీ అన్నారు. అమెరికా గోధుమలతో కలిసి వచ్చిందని ఊరూరా నమ్మకం. పూనాలో ఆ మొక్క కంటపడింది 1950ల మధ్యలో. అప్పటికి పి.ఎల్. 480 ధాన్యం ఇంకా మొదలవుతూనే ఉన్నది. కనుక ఆ నమ్మకం వృక్షశాస్త్రం ముందు గట్టిగా నిలబడదు. అయినా సాహిత్య విద్యార్థి దాన్ని కొట్టిపారవేయకూడదు. ఉచితంగా వచ్చినదాని వెంట అడగనిది మరొకటి వస్తుందని పల్లె గ్రహించింది. దానికి వెటకారంగా అందమైన పేరు పెట్టింది. ఇంత పదునైన విమర్శ మన వ్యాసాలలో అరుదు.

ఇప్పుడు మళ్ళీ అదే పాఠం కొత్త పుస్తకంలో వస్తున్నది. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని అరుదైన మృత్తిక లోహాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టేసరికి మన మోటారు కర్మాగారాలు కలవరపడ్డాయి. అదే ఏడు ఆగస్టు 27న అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతం చేసింది. అందులో సగం మనం రష్యా చమురు కొంటున్నందుకు వేసిన దండన. 1966లో వియత్నాం మాటకు గోధుమ ఓడ ఆగినట్టే, 2025లో చమురు బేరానికి రొయ్య ధర పడింది. భీమవరం చెరువు గట్టున నిలబడ్డ రైతుకూ, రొయ్యల తలలు తీసే కూలి ఆడమనిషికీ మాస్కోతో ఏ ఒప్పందమూ లేదు. సుంకాలు పెరగవచ్చు, తగ్గవచ్చు. దెబ్బ ముందుగా తగిలేది ఎవరికన్న విషయం మాత్రం మారలేదు.

స్వావలంబన కావాలి, అందులో రెండో మాట లేదు. 1966 అనుభవం తరువాత దాన్ని కాదనేవారు చరిత్ర చదవనివారు. కాని స్వావలంబన పేరుతో, పోటీ పేరుతో చేసే ప్రతి ఏర్పాటునూ కింది నుంచి చూడడం రచయిత బాధ్యత. ఖనిజం తవ్వితే ఏ తీరంలో ఎవరి గుడిసె లేస్తుంది, కర్మాగారం వస్తే ఎవరి చేను పోతుంది, గోదాము నిండితే ఎవరి కంచం నిండుతుంది - ఈ ప్రశ్నలు వేయని భద్రత పాలకుల భద్రత మాత్రమే.

రచయితలకూ విద్యార్థులకూ నాదొక సూచన. 1965-67 కరువు నాటి రేషను కార్డునూ, బడి ఉప్మానూ, కిలో రెండు రూపాయల బియ్యాన్నీ ఎరిగినవారు ఇంకా మన ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళ మాటలను వాళ్ళ మాండలికంలోనే రాసిపెట్టాలి. ఆనాటి జిల్లా పత్రికలు, సంఘాల సంచికలు ఎవరి అటకల మీద మిగిలి ఉన్నా దింపి, దుమ్ము దులిపి, నకళ్ళు తీసి కనీసం ఒక జిల్లా గ్రంథాలయంలోనైనా చేర్చాలి. రాబోయే తరం విద్యార్థి తన తాత ఆకలి గురించి చదువుకునేందుకు షికాగోకు ఉత్తరం రాయవలసిన అవసరం ఉండకూడదు.